క్రొత్త నమూనా, పాత అట్టలు

సూరతు నగరమున లింబాయత్, ఉధ్నా, పాండేసరా మొదలగు ప్రాంతములలో రేయింబవళ్లు ఆడుచుండు లక్షలాది మరమగ్గముల నడుమ, తెలంగాణపు నేతపల్లెలనుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు పోయి అచ్చటనే పాతుకొనిన పద్మశాలి కుటుంబములు వేలకొలది యున్నవి. వారి పిల్లలకొరకు ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు గూడ నడపుచున్నదనిన మనలో పెక్కుమందికి వింతగానే యుండును. ఆ కుటుంబములలో జకార్డు సాంచెలపై పనిచేసిన పెద్దలకు ఈ వ్యాసమున నేను చెప్పబోవు దోషమును ప్రత్యేకముగా బోధింపనక్కరలేదు. చీరె కొంగుపై నెమలిని నేయవలెనన్నచో, ముందుగా చిత్రకారుడు గళ్లకాగితముపై దానిని గడిగడిగా నింపును. ఆ కాగితమును జూచి, ఒక్కొక్క పేకపోగునకు ఒక్కొక్క అట్ట చొప్పున మరియొకడు రంధ్రములు కొట్టును. అట్టలన్నియు మాలగా కుట్టి మగ్గముపై వ్రేలాడదీసిన పిమ్మట, రంధ్రమున్నచోట హుక్కు లేచి పడుగుపోగును పైకెత్తును, లేనిచోట ఎత్తదు. ఇప్పుడు నెమలి మెడకడ ఒక గడి తప్పిపోయినదనియు, చిత్రకారుడు దానిని కాగితముపై దిద్దినాడనియు, కాని ఆ వరుసకు చెందిన అట్టను మరల కొట్టించుట ఎవరికిని తోచలేదనియు అనుకొందము. కాగితము నిర్దోషము, మగ్గము నిర్దోషము, నేతగాడును తన పనిని తప్పక చేసినవాడే. ఐనను కొంగుపై వంకర మెడ గల నెమలియే దిగుచుండును. కాగితమును ఎంతసేపు పరీక్షించినను తప్పు దొరకదు, ఏలయన అది కాగితమున లేదు.

సాఫ్ట్‌వేరు నిర్మించువారిని నేడు లోకమంతట పీడించుచున్న ఒకానొక దోషమునకు ఇది ప్రతిరూపము. పైగా ఈ రెంటికిని గల చుట్టరికము పోలికవలన వచ్చినది గాదు, వంశక్రమమున వచ్చినది. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరవాసియైన జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించిన ఆ యంత్రముపై, 1839లో ఆతని చిత్తరువునే పట్టుగుడ్డపై నేయుటకు 24,000 అట్టలు పట్టెనట. ఆ నేతచిత్రమును తన యింట నుంచుకొని అతిథులకు చూపుచుండిన ఇంగ్లండువాడగు చార్లెస్ బాబేజి, తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలందించుటకై అంతకుమున్నే ఆ అట్టల పద్ధతిని ఎన్నుకొనియుండెను. మానవుడు చదువుకొను రూపమొకటి, యంత్రము గ్రహించు రూపము వేరొకటి, మొదటిదానినుండి రెండవదానిని పుట్టించు క్రియ ఒకటి: ఈ మూటి యేర్పాటు నాటినుండి నేటివరకు మారలేదు. సూరతులోనే అనేక జకార్డులకు అట్టలు పోయి ఎలక్ట్రానిక్ ఫైళ్లు వచ్చినవి గదా యనిన, అదే పేరుగల పాత ఫైలు యంత్రపు జ్ఞాపకమున మిగిలిపోయినచో కథ మరల మొదటికే వచ్చును.

కంప్యూటరు ప్రోగ్రామునకు సంబంధించినంతవరకు, ఆ పుట్టించు క్రియను నెరవేర్చునది కంపైలరు. ప్రోగ్రామరు వ్రాసిన మూలఫైలును అది చదివి, యంత్రభాషలోనికి మార్చి, ఆబ్జెక్టు ఫైలు అను తునుకగా భద్రపరచును. ఇట్టి తునుకలన్నిటిని కూర్చి తుది ప్రోగ్రామును సిద్ధపరచు పనిని లింకరు చేయును. ఈ సమస్తమును కలిపి బిల్డు అందురు. చిన్న ప్రోగ్రామునకు ఇదంతయు రెప్పపాటు పనియే గాని, వేలకొలది మూలఫైళ్లు గల బ్రౌజరువంటిదానిని ఆద్యంతము కంపైలు చేయుటకు సామాన్యమైన యంత్రముపై గంటలు పట్టును. ఒక పంక్తి మార్చినందుకు ఆ గంటలన్నియు మరల వెచ్చించుట వెఱ్ఱితనము గావున, మారని మూలములకు సంబంధించిన తునుకలను దాచియుంచి తిరిగి వాడుకొందురు. ఆ దాచిన సంచయమే క్యాషు. దాని ప్రయోజనమంతయు ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటపై నిలిచియున్నది: ఈ తునుక పుట్టిన పిమ్మట, దీని పుట్టుకకు కారణమైనవాటిలో ఏదైనను మారినదా? మారియుండగా లేదని చెప్పినచో, పాత తునుక క్రొత్త ప్రోగ్రామున చేరిపోవును. మారకుండగా మారినదని చెప్పినచో కాలము వ్యర్థమగును, అంతకుమించి నష్టము లేదు. ఈ రెండు తప్పులును సమానములు కావనుట గుర్తుంచుకొనదగినది.

ఈ ప్రశ్నకు యంత్రముచేత సమాధానము చెప్పించు ప్రయత్నములలో నేటికిని నిలిచియున్న తొలి సాధనము పుట్టిన తీరు రమ్యమైనది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1976లో స్టూవర్టు ఫెల్డ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండగా, యాక్ అను ప్రసిద్ధ సాధనమును రచించిన ఆతని సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకనాడు తిట్లు లంకించుకొనుచు గదిలోనికి వచ్చెను. ఒక ప్రోగ్రామున దోషమును వెదకుటకై ఆతడు ఉదయమంతయు వెచ్చించియుండెను. తీరా చూడగా ఆ దోషము మూలమున మునుపే దిద్దబడియున్నది, కాని దిద్దిన ఫైలును మరల కంపైలు చేయుట మరచిపోయినందున పాత ఆబ్జెక్టు ఫైలే లింకు అగుచుండెను. ఫెల్డ్‌మన్ సైతము ముందునాటి సాయంకాలమున అట్టి యిక్కట్టులోనే చిక్కుకొనియుండుటచే, దీనికొక సాధనము కావలెనన్న మాట వారి నడుమ పుట్టెను. ఆధారములనన్నిటిని విశ్లేషింపగల గంభీరమైన యంత్రాంగమొకటి ఆతని మనస్సున మొదట మెదలినను, అది క్రమముగా సన్నగిలి, ఆ వారాంతముననే 'మేక్' అను చిన్న సాధనముగా తేలెను. దానికి ఆజ్ఞలిచ్చు ఫైలులో కొన్ని పంక్తులు ట్యాబు గుర్తుతోనే మొదలుకావలెనన్న విచిత్ర నియమమొకటి కలదు. అది అనుచితమని తెలిసియు, అప్పటికే డజనుమంది మిత్రులు వాడుచున్నందున వారిని ఇబ్బందిపెట్టుట యేలయని ఫెల్డ్‌మన్ మార్పలేదట. ఆ డజనుమంది మొగమాటము వలన అర్ధశతాబ్దిగా ఎందరు విద్యార్థులు ఖాళీ గుర్తులకును ట్యాబులకును భేదము తెలియక కన్నీరు పెట్టుకొనిరో లెక్కలేదు. ఐనను 2003లో ఏ.సి.ఎం. అను కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము ఆ సాధనమునకు పురస్కారమిచ్చుట న్యాయమే.

మేక్ అనుసరించు న్యాయము మిక్కిలి సరళము. ఏ ఫైలు దేనిపై ఆధారపడునో ప్రోగ్రామరు వ్రాసియుంచును. మూలఫైలు యొక్క తుది మార్పు సమయము ఆబ్జెక్టు ఫైలు సమయమునకంటె తరువాతిదైనచో మేక్ దానిని మరల కంపైలు చేయించును, కానిచో ఊరకుండును. ఫైలు లోపల నేమున్నదో అది చూడదు. గడియారమును నమ్మును. కాలముచెల్లిన తునుకలవలన కలుగు దోషములలో పెద్దభాగము ఈ నమ్మకమునుండియే పుట్టుచున్నది.

మూలఫైళ్లు నెట్‌వర్కు మీద వేరొక సర్వరున నుండి, కంపైలు చేయు యంత్రము మన బల్లపై నున్నదనుకొందము. సర్వరు గడియారము కొన్ని నిమిషములు వెనుకబడియున్నచో, మనము ఇప్పుడే దిద్దిన ఫైలుపై పాత సమయమే పడును. దానికి ముందు మన యంత్రము సృష్టించిన ఆబ్జెక్టు ఫైలు అంతకంటె క్రొత్తదిగా కనబడును. మేక్ మౌనము వహించును. తేదీ భవిష్యత్తులోనున్న ఫైలు కంటబడినప్పుడు మాత్రము, గడియారములు పొసగుటలేదనియు బిల్డు అసంపూర్ణమై యుండవచ్చుననియు గ్నూ మేక్ అను దాని రూపాంతరము ఒక హెచ్చరిక పంక్తిని ముద్రించును. వందలకొలది పంక్తులు తెరపై పరుగులు తీయుచుండగా ఆ పంక్తిని చదువువారెవరు? ఇక పాత ఫ్యాట్ పద్ధతి డిస్కులపై సమయము రెండేసి సెకండ్ల మెట్లుగానే నమోదగును. ఒకే మెట్టులో కంపైలు చేయుటయు మరల దిద్దుటయు జరిగినచో రెండు ఫైళ్లకు సమయము సమానమగును, సమానమైనచో మేక్ దృష్టిలో మార్పు లేనట్లే.

ఇంతకంటె వంచకమైనది వెనుకకు పోవు సందర్భము. నిన్నటి మార్పు బెడిసికొట్టినదని, పదిదినముల క్రిందట దాచిన ప్రతినుండి ఒక మూలఫైలును తెచ్చి, దాని పాత సమయమును చెక్కుచెదరనీయకుండ స్వస్థానమున ఉంచితిమనుకొందము. టార్ అను సాధనముతో కట్టిన ఫైళ్ల మూటను విప్పునపుడు సాధారణముగా జరుగునది ఇదియే. ఫైలు లోపలి విషయము మారినది, సమయము మాత్రము పదిదినముల నాటిది. నిన్నటి ఆబ్జెక్టు ఫైలు దానికంటె క్రొత్తదే గావున మేక్ కదలదు. బెడిసికొట్టిన నిన్నటి మార్పే ప్రోగ్రామున నిలిచియుండును. ప్రోగ్రామరు పాత ప్రతిలో సైతము ఆ దోషమున్నదని భ్రమించి, లేని దోషమునకై మరింత వెనుకకు త్రవ్వుకొనుచు పోవును. లీనస్ టోర్వాల్డ్స్ 2005లో ప్రారంభించిన గిట్ అను ప్రతుల నిర్వహణ సాధనము, ఒక పాత ప్రతికి మరలునప్పుడు మారిన ఫైళ్లపై అప్పటి గడియారపు సమయమునే వేయుటలోని మర్మమిది. అందువలన కొన్ని ఫైళ్లు అనవసరముగా మరల కంపైలగును. వ్యర్థవ్యయము తప్పుడు ఫలితముకంటె మేలనెడి నిర్ణయమది, సరియైన నిర్ణయము.

గడియారములన్నియు నిక్కముగా నడచుచున్నను దోషము పుట్టు మార్గము వేరొకటి కలదు. అది ఆధారముల జాబితాలోని లోపము. దీనిని సూరతు వ్యాపారమునకు తగిన యొక ఉదాహరణతోనే చూతము. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చుటయు, సూరతు వస్త్రవ్యాపారులు దానిపై ఆందోళనకు దిగి అంగళ్లు మూసివేయుటయు పాఠకులకు గుర్తుండియే యుండును. తుదకు బిల్లులపైన సరకు యొక్క కోడు సంఖ్యను వేయక తప్పినది గాదు; కృత్రిమ తంతువుల నూలుతో నేసిన గుడ్డకు ఆ సంఖ్య 5407. ఒక బిల్లుల ప్రోగ్రామున ప్రతి లాటుకు మూడు గడులుండెననియు, ఒక్కొక్క గడి నాలుగేసి బైట్లు ఆక్రమించుననియు అనుకొందము: మొదటిది లాటు సంఖ్య, రెండవది మీటర్లు, మూడవది మీటరు ధర. ఈ యమరిక ఒక హెడరు ఫైలులో వ్రాయబడి, సరకును నమోదుచేయు మూలఫైలును, బిల్లు కట్టు మూలఫైలును రెండును దానినే చదువుకొనుచున్నవి. ఇప్పుడు ప్రోగ్రామరు లాటు సంఖ్యకును మీటర్లకును నడుమ కోడు సంఖ్యకై క్రొత్తగడి నొకదానిని చేర్చెను. నమోదుచేయు భాగము మరల కంపైలైనది. బిల్లు కట్టు భాగమునకు ఆ హెడరుతో సంబంధమున్నదని మేక్‌నకు చెప్పు పంక్తి లేకపోవుటచే అది పాతదిగానే నిలిచినది.

క్రొత్త భాగము 100 మీటర్ల గుడ్డను, మీటరు 60 రూపాయల ధరకు, క్రొత్త యమరిక ప్రకారము నమోదుచేసినది. పాతభాగము మాత్రము లాటు మొదటినుండి నాలుగు బైట్లు దాటి మీటర్లున్నవని తలచి అచ్చటనున్న 5407ను తీసికొన్నది. ఎనిమిది బైట్లు దాటి ధర యున్నదని తలచి అచ్చటనున్న 100ను తీసికొన్నది. ఆరువేల రూపాయలకు కట్టవలసిన బిల్లు 5,40,700 రూపాయలకు లేచినది. ఇచట కంపైలరు ఏ తప్పును చూపలేదు, లింకరు ఏ తప్పును చూపలేదు. రెండు మూలఫైళ్లను ప్రక్కప్రక్కన పెట్టుకొని అక్షరమక్షరము చదివినను అన్నియు సరిగానే యున్నవి. సంఖ్య ఇంత విపరీతముగా నున్నందున ఎవరో ఒకరు పట్టుకొందురు గాని, క్రొత్తగడిలో సున్న యున్నచో బిల్లు సున్నయై, ఉచితముగా పోయిన సరకును సంవత్సరాంతపు లెక్కలలోగాని కనుగొనలేరు. బిల్డు విఫలమగుట ఇట్టి దోషమునకు అదృష్టవశమున కలుగు పర్యవసానమనియే నా యభిప్రాయము. సఫలమగుటయే భయపడవలసిన విషయము.

హెడరుల జాబితాను మనుష్యుడు చేతితో వ్రాయనక్కరలేకుండ కంపైలరుచేతనే వ్రాయించు వసతి జీసీసీ మొదలగు కంపైలరులలో చిరకాలమునుండి కలదు. ఐనను కంపైలరునకు మనమిచ్చు ఐచ్ఛికములు మారినప్పుడు ఏ మూలఫైలు సమయమును మారదు గావున, ఆ మార్పు మేక్ కంటికి సహజముగా ఆనదు. కంపైలరే క్రొత్తదైనప్పుడును అంతే.

ఈ చిక్కులను జూచినవారు గడియారమును విడిచి విషయమునే చూడవలెనని తలచిరి. సాంబా అను సుప్రసిద్ధ సాఫ్ట్‌వేరు కర్త, ఆస్ట్రేలియావాడగు ఆండ్రూ ట్రిడ్జెల్ 2002లో రచించిన సీక్యాష్ ఈ మార్గముననే నడచినది. మూలఫైలును, అందు చేరవలసిన హెడరులన్నిటిని ఒకే గ్రంథముగా కలిపి, కంపైలరు ఐచ్ఛికములను, కంపైలరు గుర్తింపును దానికి జోడించి, ఆ సమస్తమునుండి హాషు అను నొక దీర్ఘసంఖ్యను సాధించును. ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును. అదే సంఖ్యతో మునుపు దాచిన ఆబ్జెక్టు ఫైలు దొరికినచో కంపైలరును పిలువకయే దానిని అందించును. రెండు వేర్వేరు గ్రంథములకు ఒకే సంఖ్య వచ్చునేమో యని కొందరు శంకింతురు; షా-256 వంటి పద్ధతులలో సాధ్యమగు సంఖ్యల మొత్తమే 78 అంకెల పొడవు గలది గావున, ఆ భయమును ప్రక్కన పెట్టి వేరొక భయమును పెంచుకొనుట మేలు. లెక్కలోనికి తీసికొన్నవాటి విషయమున హాషు అబద్ధమాడదు. లెక్కలోనికి తీసికొననివాటి విషయమున దానికి ఏమియు తెలియదు.

ఉదాహరణమునకు, కంపైలరు మారినదా లేదా యని తెలిసికొనుటకు సీక్యాష్ సామాన్యముగా చూచునది ఆ కంపైలరు ఫైలు పరిమాణమును, సమయమును మాత్రమే. అసలు కంపైలరును నేరుగా పిలువక, దానిని పిలుచు ఒక చిన్న స్క్రిప్టును కంపైలరు పేర నుంచుట పెక్కు కార్యాలయములలో వాడుక. లోపలి కంపైలరు మారినను స్క్రిప్టు మారదు గదా! అట్టివారు కంపైలరు గుర్తింపును వేరొక విధముగా చెప్పవలెనని సీక్యాష్ కర్తలే తమ వివరణపత్రమున హెచ్చరించియున్నారు. దానికంటె సూక్ష్మమైన సందర్భమును గూడ వారు దాచక చెప్పిరి. హెడరులను వెదకునపుడు కంపైలరు కొన్ని డైరెక్టరీలను వరుసగా చూచుకొనుచు పోవును; మొదటిదానిలో లేనిచో రెండవదానికి, అందును లేనిచో మూడవదానికి. మూడవదానిలో దొరికిన హెడరుతో తునుక తయారై క్యాషున చేరిన పిమ్మట, ఎవరో అదే పేరుగల క్రొత్త హెడరును మొదటి డైరెక్టరీలో ఉంచిరి. ఇప్పుడు కంపైలరును పిలిచినచో క్రొత్తదానినే తీసికొనును. కాని సీక్యాష్ వేగమునకై అవలంబించు ప్రత్యక్షపద్ధతిలో, మునుపు చదివిన ఫైళ్లు మారినవా యని మాత్రమే చూచును. అవి మారలేదు. మారినది మొదటి డైరెక్టరీలోని లేమి! మొదటి డైరెక్టరీలో ఆ ఫైలు లేకపోవుట యనునది గూడ ఆనాటి ఫలితమునకు కారణములలో నొకటి, దానిని ఎవరును నమోదు చేసికొనలేదు. అభావమును సప్తమ పదార్థముగా లెక్కించిన మన తార్కికులును, అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగా అంగీకరించిన భాట్టమీమాంసకులును ఈ సందర్భమును చూచినచో, వందలయేండ్లుగా తాము వాదించినది వ్యర్థము గాలేదని సంతోషించియుందురు.

గూగుల్ సంస్థ 2015లో బహిరంగపరచిన బేజెల్ అను బిల్డు సాధనము ఈ లోపమును వేరొక దిక్కునుండి అడ్డుకొనును: జాబితాలో వ్రాయని ఫైలేదియు కంపైలరునకు కనబడని మూసిన గదిలో దానిని పనిచేయించును, జాబితాలో లోపమున్నచో బిల్డు అప్పుడే ఆగిపోవును. నిర్బంధము కఠినమే గాని ఫలితము నమ్మదగినది. దానిని కుదుర్చుకొనుటకు పట్టు శ్రమను తలచుకొని చిన్న సంస్థలు వెనుకాడుట కూడ సహజమే.

క్యాషు కంపైలరు వెలుపల గాక లోపలనే యున్నప్పుడు ఏమగునో రస్ట్ భాషవారి అనుభవము చెప్పును. ఆ కంపైలరు ఒక ప్రోగ్రామును ఫైళ్లుగా గాక అంతకంటె చిన్న ప్రశ్నలుగా విభజించి, ఈ ఫంక్షను రకమేమి, ఆ నిర్మాణపు పరిమాణమెంత యనువాటికి వచ్చిన సమాధానములను వాటి గుర్తింపు సంఖ్యలతో దాచుకొని, మరుసటి కంపైలునందు వాడుకొనును. 2018లో 1.24వ సంచికనుండి ఇది అభివృద్ధి దశలోని బిల్డులకు వాడుకయైనది. 2021 మే 6వ తేదీన వెలువడిన 1.52.0 సంచికలో, దాచిన సమాధానమును మరల గణించిన దానితో సరిపోల్చు పరీక్షలను పెక్కింటిని సామాన్యులు వాడు కంపైలరునందును నడుపనారంభించిరి. ఆ పరీక్షలు తగిలిన చోట్ల సమాధానములు కలియకపోవుటయు, కంపైలరు బిగ్గరగా మొరపెట్టి ఆగిపోవుటయు సంభవించెను. నాలుగు దినములలో, మే 10వ తేదీననే, 1.52.1 సంచికను విడుదలచేసి ఆ సదుపాయమునే నిలిపివేసిరి. దోషములను సవరించి జూలైలో 1.54తో మరల తెరచిరి. 2022 ఫిబ్రవరిలో 1.59న మరియొకమారు మూసి, 1.60న మరల తెరచిరి. మే 6న క్రొత్తగా వచ్చినవి దోషములు గావనియు, అప్పటికే చాలకాలమునుండి మౌనముగానున్న దోషములపై వెలుతురు మాత్రమే క్రొత్తగా పడినదనియు గమనింపవలెను. పరీక్షను తొలగించి సదుపాయమును నిలుపుకొనుట వారికి సులువైన దారి. వారు సదుపాయమును ఆపి పరీక్షను నిలుపుకొనిరి. ఆ వరుస నాకు మిక్కిలి నచ్చినది.

ఇక బిల్డు పాడైనప్పుడు చేయవలసినదేమి? ఎక్కువమంది చేయునది ఒక్కటే: క్యాషునంతయు తుడిచిపెట్టి మొదటినుండి కంపైలు చేయుట. అనేక సంపాదక సాధనములలో దీనికొక మెనూ గూడ నమరియున్నది. పని జరుగును గావున దీనిని నిందించుట కష్టము. కాని అది సాక్ష్యమును సమూలముగా నాశనము చేయుననుట నిజము. ఏ తునుక పాతదై యుండెనో, ఎందువలన పాతదిగా మిగిలెనో తెలియకయే పోవును. జాబితాలోని లోపము యథాతథముగా నుండును. మూడువారములకు మరల అదే గోడు. ఫైలుపై సమయమును మాత్రము నేటిదిగా మార్చి మేక్‌ను కదలించుటయు ఇట్టిదే. అంతకంటె చింతింపదగినది, ఆ తుడుపు ఒక తంతుగా మారి, ప్రోగ్రామరు తన మూలములోని నిజమైన తప్పునకు గూడ క్యాషుపై నింద మోపుట.

తుడుచుటకు బదులు డైరెక్టరీ పేరు మార్చి ప్రక్కనుంచి, ఖాళీ స్థలమున మొదటినుండి బిల్డు చేయవలెను. అందును అదే తప్పు వచ్చినచో క్యాషు నిర్దోషి. మూలమునో, కంపైలరునో విచారించుకొనవచ్చును. క్రొత్త బిల్డు సరిగా నడచినచో మాత్రము, ఇప్పుడు చేతిలో రెండు సంచయములున్నవి, ఒకటి పాడైనది, ఒకటి మంచిది. రెండింటిలోని ఆబ్జెక్టు ఫైళ్లను బైటు బైటుగా పోల్చినచో భేదమున్నవి బయటపడును. భేదములు అనేకములైనచో, సగము తునుకలను పాతవాటినుండియు సగము క్రొత్తవాటినుండియు తీసికొని లింకు చేసి, తప్పు ఏ సగమున నున్నదో చూచుకొని, ఆ సగమును మరల రెండుగా చీల్చుకొనుచు పోవలెను; వేయి ఫైళ్లలో దోషి ఒక్కటే యైనచో పదిసారుల లింకుతో అది దొరకును. దొరికిన పిమ్మట, దాని మూలమును గాక దాని పుట్టుకను విచారింపవలెను: అది ఏయే హెడరులను చదివినది, ఏ కంపైలరుచే, ఏ ఐచ్ఛికములతో పుట్టినది, వాటిలో జాబితాకెక్కనిది ఏది. సీక్యాష్ వాడువారికి ఈ పని కొంత తేలిక. ఒక్క బిల్డునకు మాత్రము దానిని పనిచేయకుండ నాపుటకును, పాత ఫలితమును తోసిపుచ్చి క్రొత్తది దాచుకొమ్మని ఆజ్ఞాపించుటకును, హాషులోనికి ఏమేమి పోయినవో ఫైలుగా వ్రాయించుకొనుటకును వేర్వేరు వసతులు కలవు. ఒకే మూలమునకు రెండు దినములలో వచ్చిన ఆ వ్రాతలను పోల్చినచో సగము విచారణ తీరినట్లే.

పాత తునుక దోషమును కలిగించుటయే గాక దోషమును దాచుటయు కలదు. పైథాను భాష యొక్క వెనుకటి సంచికలలో ఒక మూలఫైలును తొలగించినను, దానినుండి పుట్టిన పీవైసీ ఫైలు ప్రక్కననే మిగిలియుండుటచే, దానిని కోరు ప్రోగ్రాము నిశ్చింతగా నడచుచుండెడిది. అదే ప్రోగ్రామును క్రొత్త యంత్రమునకు పంపగా అచ్చట ఆ ఫైలు లేదని మొరపెట్టెడిది. 'నా యంత్రముపై నడచుచున్నదే' యను వాదమునకు మూలము పెక్కుమారులు ఇట్టి మిగులుడు ఫైలే. 2011లో వచ్చిన పైథాన్ 3.2 ఈ తునుకలను ప్రత్యేకమైన డైరెక్టరీలోనికి తరలించి, మూలము లేనిచో అందలి తునుకను వాడరాదని నియమించెను. 2018 నాటి 3.7లో, కోరినవారికి సమయమునకు బదులు హాషుతో సరిపోల్చుకొను సదుపాయమును గూడ చేర్చిరి.

జాగ్రత్తగల జట్లు ప్రతిరాత్రియు ఒక యంత్రముపై క్యాషు లేకుండ పూర్తిబిల్డు నొకటి చేయించి, పగలు క్యాషుతో పుట్టినదానితో బైటు బైటుగా పోల్చుచుందురు. దీనికొక అవరోధము కలదు: కొన్ని ప్రోగ్రాములు తాము కంపైలైన తేదీని, సమయమును తమలోనే పొదుగుకొనుటచే, ఏ దోషమును లేకున్నను రెండు ఫలితములు ఎన్నడును కలియవు. ఒకే మూలమునుండి ఎవరు, ఎచ్చట, ఎప్పుడు నిర్మించినను ఒకే ఫలితము రావలెనని డెబియన్ మొదలగు లినక్సు వర్గములవారు సాగించిన ఉద్యమమునుండి, ఆ తేదీని గడియారమునుండి గాక ముందుగా నిర్ణయించిన సంఖ్యనుండి తీసికొను ఏర్పాటు వచ్చినది. అది అమలులోనున్నచోట, రాత్రి బిల్డునకును పగటి బిల్డునకును నడుమ మిగిలిన ప్రతి భేదమునకు ఒక ఫైలు పేరు ఉండును. ఉదయము రాగానే ప్రోగ్రామరు ఆ పేరుతోనే విచారణ మొదలుపెట్టవచ్చును.